ఫైబ్రోమయాల్జియా: నొప్పిని కండరాల్లో వెతికిన కాలం

ఒళ్లంతా నొప్పులే. రక్తపరీక్షల్లో గానీ ఎక్స్‌రేల్లో గానీ ఏమీ తేలదు. ‘రిపోర్టులన్నీ నార్మలే, టెన్షన్ తగ్గించుకోండి’ అనిపించుకుని ఫైబ్రోమయాల్జియా రోగులు ఇంటిదారి పడతారు. నొప్పి ఉన్నచోటే జబ్బూ ఉండి తీరాలన్న పాత నమ్మకమే ఆ మాట అనిపిస్తోంది.

1904లో బ్రిటన్ వైద్యుడు విలియం గోవర్స్ నడుంనొప్పిపై చేసిన ప్రసంగంలో ‘ఫైబ్రోసైటిస్’ అనే పేరు వాడారు. కండరాల్లోని పీచు కణజాలం వాచిందని ఆయన ఊహ. కండరం ముక్క తీసి పరీక్షిస్తే ఆ వాపు నిలకడగా కనిపించలేదు. 1976 నుంచి ఫైబ్రోమయాల్జియా అనే పేరు స్థిరపడుతూ వచ్చింది.

1990లో కీళ్లు, కండరాల జబ్బులు చూసే వైద్యుల సంస్థ అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ ఈ జబ్బు నిర్ధారణకు ప్రమాణాలు ఇచ్చింది. నడుముకు పైనా కిందా, కుడి ఎడమలు రెండువైపులా 3 నెలలుగా నొప్పి ఉండాలి. నిర్ణీతమైన 18 చోట్ల సుమారు 4 కిలోల బలంతో నొక్కితే కనీసం 11 చోట్ల నొప్పి పుట్టాలి. కానీ అందరు డాక్టర్ల బొటనవేళ్లూ ఒకే బలంతో నొక్కవు. అసలు నొప్పి ఎంతున్నా, ఒత్తిడిని కాస్త ఎక్కువ ఓర్చుకునే మగవాళ్లకు 11 లెక్క తేలక జబ్బు బయటపడేది కాదు.

మలుపు 2002లో వచ్చింది. అమెరికాలో రిచర్డ్ గ్రేస్లీ, డేనియల్ క్లా బృందం 16 మంది రోగులను, 16 మంది ఆరోగ్యవంతులను మెదడులో ఏ భాగం చురుగ్గా స్పందిస్తోందో చూపే ఎఫ్ఎంఆర్ఐ స్కాన్ యంత్రంలో ఉంచి ఎడమచేతి బొటనవేలి గోరును నొక్కింది. చదరపు సెంటీమీటరుకు సుమారు 2.4 కిలోల ఒత్తిడికి రోగులు 20కి 11 దాకా నొప్పి చెప్పారు, ఆరోగ్యవంతులు 3 దగ్గరే ఉన్నారు. వాళ్లకూ అంత నొప్పి పుట్టాలంటే 4 కిలోలు దాటాల్సి వచ్చింది. సమాన ఒత్తిడి దగ్గర రోగుల మెదడులో 13 ప్రాంతాలు ఎక్కువగా స్పందించాయి. ఆరోగ్యవంతుల్లో అలా ఎక్కువగా స్పందించినది ఒక్కటే. రోగులు నొప్పిని పెంచి చెబుతున్నారన్న అనుమానానికి ఇంతకంటే గట్టి జవాబు అంతకుముందు లేదు.

కారణాలూ ఒక్కొక్కటే తెలిశాయి. రోగుల వెన్నుపాము ద్రవంలో నొప్పి సంకేతాలు మోసే సబ్‌స్టెన్స్ పి అనే రసాయనం మామూలు కంటే దాదాపు 3 రెట్లు ఉందని 1994లోనే తేలింది. మెదడులో నొప్పిని పసిగట్టే ఇన్సులా అనే భాగంలో, నరాలను ఉత్తేజపరిచే గ్లుటమేట్ అనే రసాయనం ఎక్కువని 2009లో గుర్తించారు. మెదడు నుంచి వెన్నుపాములోకి దిగి నొప్పిని అణచాల్సిన నరాల దారులూ బలహీనంగానే పనిచేస్తాయి.

ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు ఇక్కడ పెద్దగా పనిచేయకపోవడానికి కారణమిదే: తగ్గించడానికి వాపు లేదు. ప్రీగబాలిన్ అనే మందు నరాల చివర గ్లుటమేట్ విడుదలను తగ్గిస్తుంది. డులోక్సెటిన్ అనే మరో మందు నొప్పిని అణచే ఆ దారులకు బలమిస్తుంది. రెండూ కొందరికే, కొంతమేరకే పనిచేస్తాయి. 2017 నాటి యూరప్ మార్గదర్శకాలు గట్టిగా సిఫారసు చేసింది వ్యాయామం ఒక్కదాన్నే. చాలామంది తడబడేదీ అక్కడే: ఒళ్లు తేలిగ్గా ఉన్నరోజు గంట నడిచి, మర్నాటి నుంచి మంచం పడతారు. 5, 10 నిమిషాలతో మొదలుపెట్టి, బాగున్నరోజూ బాగోలేనిరోజూ అంతే నడిచి, వారాల మీద పెంచాలి.

కథ మెదడు దగ్గరే ఆగలేదు. 2021లో బ్రిటన్, స్వీడన్ పరిశోధకులు రోగుల రక్తంలోని యాంటీబాడీలను ఎలుకలకు ఎక్కిస్తే, అవి ఒత్తిడికీ చలికీ అతిగా స్పందించాయి. ఆ యాంటీబాడీలు వెన్నుపాము పక్కనున్న నరాల ముడుల్లో చేరాయి.

స్కాన్ తీయించుకుంటే జబ్బు తెలిసిపోతుందా అని రోగులు అడుగుతుంటారు. తెలియదు. ఎఫ్ఎంఆర్ఐ తేడాలు బృందాల సగటులో కనిపించేవి, ఒక్క మనిషి జబ్బును తేల్చలేవు. 2010 ప్రమాణాల ప్రకారం ఒంట్లో 19 భాగాల్లో ఎక్కడెక్కడ నొప్పి ఉందో, నిద్ర, అలసట, మతిమరుపు ఎలా ఉన్నాయో అడిగి లెక్కవేస్తారు. థైరాయిడ్ లాంటి ఇతర కారణాలు వెతకడానికే రక్తపరీక్షలు.