ఆకుకు అనుమతి, పువ్వుకు జైలు: గంజాయి చట్టం వెనక 130 ఏళ్ల కథ

గంజాయిని చట్టబద్ధం చేయాలన్న మాట మనదేశంలో ఎప్పుడు వచ్చినా చర్చ రెండు మాటల్లో తేలిపోతుంది. ఒకరు శివరాత్రి భంగు గురించి, సాధువుల చిలుం గురించి చెప్పి ఇది మన సంస్కృతే కదా అంటారు. ఇంకొకరు కాలేజీ పిల్లలు ఎలా పాడైపోతున్నారో చెప్పి అసలా మాటే ఎత్తొద్దంటారు. ఇద్దరూ చెప్పేదాంట్లో నిజం ఉంది. కానీ ఇప్పుడున్న చట్టం ఎప్పుడు, ఏ ఒత్తిడి మధ్య తయారైందో, దాని బరువు ఎవరి నెత్తిన పడిందో ఇద్దరూ వదిలేస్తారు. ఆ బరువు మోస్తున్నవాళ్లలో విశాఖ మన్యం గిరిజనులు ముందు వరసలో ఉన్నారు. అందుకే ఈ చరిత్రను తెలుగువాళ్లు కాస్త ఓపిగ్గా తెలుసుకోవాలి.

1893 మార్చిలో లండన్‌లో బ్రిటిష్ పార్లమెంటు కామన్స్ సభలో ఒక ప్రశ్న వచ్చింది. భారతదేశంలోని పిచ్చాసుపత్రులు గంజాయి తాగేవాళ్లతో నిండిపోతున్నాయట, దీన్ని నిషేధించరా అని. అప్పటికి గంజాయి మీద ప్రభుత్వానికి సుంకం వస్తోంది. నల్లమందు వ్యాపారం మీద ఉద్యమం చేస్తున్న మద్యపాన వ్యతిరేక సంఘాలకు ఇది కూడా కంటగింపుగానే ఉండేది. ప్రశ్నకు జవాబుగా భారత ప్రభుత్వం అదే ఏడాది జులైలో ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్‌ను వేసింది. అధ్యక్షుడు డబ్ల్యూ. మాక్‌వర్త్ యంగ్. సభ్యుల్లో తాహిర్‌పూర్ రాజా శశిశేఖరేశ్వర్ రాయ్, కన్వర్ హర్నాం సింగ్, లాలా నిహాల్ చంద్ భారతీయులు.

ఆ కమిషన్ చేసిన పని చదువుతుంటే ఇవాళ్టికీ గౌరవం కలుగుతుంది. దేశమంతా తిరిగి 1,193 మంది సాక్షులను విచారించింది. డాక్టర్లు, కలెక్టర్లు, మిషనరీలు, రైతులు, వ్యాపారులు, గంజాయి తాగేవాళ్లు, అందరినీ అడిగింది. నివేదిక 1894లో వచ్చింది: 7 సంపుటాలు, 3 వేలకు పైగా పేజీలు. అన్నిటికన్నా ముఖ్యం, పిచ్చాసుపత్రుల లెక్కను గుడ్డిగా నమ్మకపోవడం. 1892లో దేశంలోని పిచ్చాసుపత్రుల్లో చేరినవాళ్లు 1,344 మంది. వాళ్లలో 222 మందికి గంజాయి వల్లే పిచ్చి పట్టిందని రిజిస్టర్లలో రాసి ఉంది. కమిషన్ ఆ 222 కేసుల వివరాలూ ఒక్కొక్కటిగా తిరగేసింది. తేలిందేమిటంటే, రోగిని పంపేటప్పుడు ఇచ్చే కాగితంలో 'కారణం' అనే గడి ఒకటి ఉంది. దాన్ని పోలీసులు నింపాలి. దిక్కూ మొక్కూ లేని మనిషి గురించి వాళ్లకు తెలిసేది తక్కువ. గంజాయి తాగేవాడని ఎవరో అంటే చాలు, అదే రాసేసేవారు. ఆసుపత్రి దాన్నే రిజిస్టర్లోకి ఎక్కించేది. ఇవన్నీ వడపోశాక గంజాయి ఒక కారణమని నమ్మదగ్గవి 98 కేసులే మిగిలాయి.

మితంగా వాడితే చెప్పుకోదగ్గ హాని లేదు, అతిగా వాడితే హానే, పూర్తి నిషేధం అవసరమూ కాదు, మంచిదీ కాదు, సాగును అదుపులో పెట్టి సుంకం వేసి లైసెన్సుల మీద అమ్మించాలి. కమిషన్ చెప్పిన సారాంశం ఇది. చట్టబద్ధం చేయాలనేవాళ్లు ఈ వాక్యాన్ని ఎప్పుడూ ఉదహరిస్తారు. అయితే శశిశేఖరేశ్వర్ రాయ్, నిహాల్ చంద్ ఇద్దరూ మిగతావాళ్లతో ఏకీభవించక విడిగా తమ అసమ్మతి రాశారన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. సుంకం మీద ఆశ ఉన్న ప్రభుత్వం వేసిన కమిషన్ ఇదన్న సంగతీ మరవకూడదు. ఈ రెండూ గుర్తుపెట్టుకున్నా, పుకారును పట్టుకుని చట్టం చేయకుండా రిజిస్టర్ తెరిచి చూసిన తీరు తర్వాతి వందేళ్లలో అంతగా కనపడదు.

ఆ రోజుల్లో లైసెన్సు సాగు తెలుగు నేల మీదా ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీలో, అప్పట్లో కృష్ణా జిల్లా కింద ఉన్న బాపట్ల తాలూకా దగ్గుబాడు చుట్టుపక్కల రైతులు సర్కారు అనుమతితో గంజాయి పండించేవారు. బెంగాల్లో దీనికి పెద్ద కేంద్రం రాజ్‌షాహీ జిల్లాలోని నౌగావ్. గంజాయి మొక్క జిగురుతో చేసే చరస్ మాత్రం మధ్య ఆసియాలోని యార్కండ్ నుంచి లదాఖ్ కనుమల మీదుగా పంజాబ్‌కు వచ్చేది.

కథ మలుపు తిరిగింది మన దేశం బయట. 1925లో జెనీవాలో నల్లమందు మీద జరిగిన సదస్సులో ఈజిప్టు ప్రతినిధి మొహమ్మద్ ఎల్ గిండి హషీష్‌ను (గంజాయి జిగురును) కూడా చేర్చాలని గట్టిగా పట్టుబట్టారు. సామాజిక, మత ఆచారాల మాటేమిటని భారత్ తరఫు ప్రతినిధులు అభ్యంతరం చెప్పారు. చివరికి అంతర్జాతీయ రవాణాకు కళ్లెం వేసి సరిపెట్టారు. 1937లో అమెరికా మారిహువానా టాక్స్ చట్టం తెచ్చింది. దాని వెనక ఉన్న హ్యారీ యాన్స్లింగర్ ఆ దేశ మాదకద్రవ్యాల బ్యూరోను 1930 నుంచి 1962 దాకా నడిపిన మనిషి. మెక్సికన్ వలస కూలీల మీద, నల్లజాతి సంగీతకారుల మీద ఉన్న ద్వేషం ఆ ప్రచారంలో బాహాటంగానే కనిపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఐక్యరాజ్యసమితిలో ఈ విషయం మీద అమెరికా మాటే పైచేయి అయింది.

1961లో వచ్చిన మాదకద్రవ్యాల అంతర్జాతీయ ఒప్పందం, సింగిల్ కన్వెన్షన్, ఈ రోజుకీ మన చట్టానికి మూలం. గంజాయిని హెరాయిన్ పక్కన అత్యంత కఠినమైన జాబితాలో పెట్టారు. వైద్యం, పరిశోధన కాక ఇతర వాడకాన్ని మాన్పించడానికి గంజాయి ఆచారంగా ఉన్న దేశాలకు 25 ఏళ్ల గడువు ఇచ్చారు. ఒప్పందం అమల్లోకి వచ్చింది 1964 డిసెంబరులో, అంటే గడువు 1989 డిసెంబరు దాకా. నిర్వచనం దగ్గర మాత్రం ఒక సర్దుబాటు జరిగింది. గంజాయి అంటే మొక్క పూత, కాపు ఉన్న కొసలు. ఆ కొసలు లేకుండా విడిగా ఉంటే ఆకులు, గింజలు ఆ లెక్కలోకి రావు. ఆకు నూరి చేసే భంగుకు దారి వదిలింది ఇక్కడే. కాశీలో సర్కారు లైసెన్సుతో భంగు దుకాణాలు నడుస్తున్నాయంటే కారణం ఈ ఒక్క వాక్యం.

గడువు దగ్గర పడుతుండగా రాజీవ్ గాంధీ ప్రభుత్వం మాదకద్రవ్యాల మీద ఎన్‌డీపీఎస్ బిల్లు తెచ్చింది. 1985 ఆగస్టులో లోక్‌సభకు వచ్చిన బిల్లుకు సెప్టెంబరు 16న రాష్ట్రపతి ఆమోదం దొరికింది. నవంబరు 14న అమల్లోకి వచ్చింది. ఇంత పెద్ద మార్పుకు మళ్లీ ఒక కమిషన్ లేదు, జనం దగ్గరికి వెళ్లి అడిగిందీ లేదు. అప్పటి ఆందోళనంతా సరిహద్దులు దాటి వస్తున్న హెరాయిన్ గురించి. గంజాయి ఆ వలలోనే చిక్కింది. 1989లో సెక్షన్ 37తో బెయిలు దాదాపు దొరకని స్థితి తెచ్చారు. 2001లో శిక్షలను తూకాన్ని బట్టి విడగొట్టారు. గంజాయి 1 కిలో లోపయితే చిన్న మొత్తం, ఇప్పుడు ఏడాది దాకా జైలు. 20 కిలోలు దాటితే వాణిజ్య మొత్తం, కనీసం 10 ఏళ్లు, గరిష్ఠంగా 20 ఏళ్లు. మధ్యలో ఉన్నదానికి 10 ఏళ్ల దాకా.

ఈ 20 కిలోల గీత మన్యంలో ఏం చేస్తుందో చూడాలి. చింతపల్లి, జీకే వీధి, పెదబయలు, ముంచంగిపుట్టు కొండల్లో సాగు పెరగడానికి కారణాలు అందరికీ తెలిసినవే. రోడ్లు లేవు, ఒడిశా సరిహద్దు పక్కనే ఉంది, మావోయిస్టుల భయంతో అధికారులు లోపలికి వెళ్లేవారు కాదు. తమిళనాడు, కేరళ, మహారాష్ట్ర నుంచి వచ్చిన వ్యాపారులు విత్తనం, పెట్టుబడి ఇచ్చి పంట ఎత్తుకుపోయేవారు. ఇక్కడి 'శీలావతి' రకానికి దేశమంతా గిరాకీ ఉంది. ఎండబెట్టిన గంజాయిని దిమ్మలుగా నొక్కి, బ్రౌన్ టేపు గట్టిగా చుట్టి, సంచుల్లో సర్దుతారు. దాన్ని అడవి దారిలో రోడ్డు దాకా మోసేది కూలికి వచ్చిన కుర్రాడు. అతనికి దక్కేది ఆ పూట కూలి. చెక్‌పోస్టు దగ్గర దొరికేదీ అతనే. పెట్టుబడి పెట్టిన వ్యాపారి ఆ సంచి దరిదాపుల్లో ఉండడు. సంచి 19 కిలోలు తూగితే బెయిలు మాట ఎత్తొచ్చు. 21 తూగితే సెక్షన్ 37 అడ్డం పడుతుంది. విశాఖ కేంద్ర కారాగారంలో ఖైదీల్లో పెద్ద భాగం గంజాయి కేసులవాళ్లే.

1961 నాటి నిర్వచనం మళ్లీ ఇక్కడే ఎదురవుతుంది. పోలీసులు తూచింది పూత కొసలనేనా, లేక కాడలు, ఆకులు, గింజలతో కలిపి మొత్తం సంచినా అని హైకోర్టుల్లో బెయిలు వాదనలప్పుడు లాయర్లు అడుగుతుంటారు. కాశీ భంగు కోసం వదిలిన సందు ఒక ఆదివాసీ కుర్రాడి పదేళ్ల జీవితాన్ని తేల్చే వాదనగా మారింది. విదేశీ సదస్సులో బేరం కుదిర్చినవాళ్ల ఊహలో ఈ కుర్రాడు లేడు.

2021 చివర్లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు 'ఆపరేషన్ పరివర్తన' మొదలుపెట్టారు. 7 వేల ఎకరాలకు పైగా తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో దాదాపు 2 లక్షల కిలోల సరుకు తగలబెట్టారు. 2024 నవంబరులో 'ఈగల్' అనే ప్రత్యేక విభాగం వచ్చింది. సాగు చాలావరకు ఒడిశాలోని మల్కన్‌గిరి, కోరాపుట్ వైపు మళ్లింది. రవాణా దారి మాత్రం మన జిల్లాల మీదుగానే. కాఫీ, మిరియాలు, పసుపు, రాజ్‌మా వేయమని రైతులకు చెబుతున్నారు. మంచి సలహానే. అయితే కాఫీ మొక్క కాపుకు రావడానికి 3, 4 ఏళ్లు పడుతుంది, గంజాయి అయిదారు నెలల పంట. ఆ మధ్య కాలం రైతు ఇల్లు గడిచే ఏర్పాటు గట్టిగా చేయకపోతే వ్యాపారి మళ్లీ పెట్టుబడితో గుమ్మంలోకి వస్తాడు.

ఈలోగా ప్రపంచం కదిలింది. 2012లో అమెరికాలో కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాల ఓటర్లు వినోద వాడకానికి ఒప్పుకున్నారు. 2013లో ఉరుగ్వే, 2018 అక్టోబరులో కెనడా దేశమంతటా అనుమతించాయి. 2024 ఏప్రిల్ నుంచి జర్మనీలో పెద్దవాళ్లు 25 గ్రాముల దాకా దగ్గర ఉంచుకోవచ్చు, ఇంట్లో 3 మొక్కలు పెంచుకోవచ్చు, దుకాణాలు మాత్రం లేవు. థాయ్‌లాండ్ 2022లో తలుపులు బార్లా తీసి, సరైన నియమాలు లేక వీధికో దుకాణం వెలిశాక, 2025లో డాక్టరు చీటీ ఉండాల్సిందేనని వెనక్కి తగ్గింది. నేర్చుకోవాల్సిన పాఠం అన్నిటికన్నా థాయ్‌లాండ్ దగ్గరే ఎక్కువ ఉందని నా అభిప్రాయం. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్ 27–25 ఓట్లతో గంజాయిని ఆ అతి కఠిన జాబితా నుంచి తీసేసింది. భారత్ ఓటు తీసేయాలన్న వైపే పడింది. ఇంట్లో చట్టం మాత్రం అలాగే ఉంది.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఇక్కడొక హెచ్చరిక చెప్పాలి. రాష్ట్రం అనుమతించినా ఫెడరల్ చట్టం కింద గంజాయి నియంత్రిత పదార్థమే, వలస వ్యవహారాలు నడిచేది ఆ చట్టం మీదే. హెచ్‌-1బీ మీద ఉన్నా, గ్రీన్‌కార్డు ఉన్నా, దుకాణంలో రసీదుతో కొన్నానని చెప్పుకోవడం కాపాడదు. వాడానని అధికారి ముందు ఒప్పుకున్నా చిక్కే.

మనదేశంలో పార్లమెంటులో ఈ మాట ఎత్తినవాళ్లు లేకపోలేదు. పాటియాలా ఎంపీగా ఉన్న డాక్టర్ ధరమ్‌వీర గాంధీ గంజాయి వంటి వాటిని కఠిన చట్టం నుంచి వేరు చేయాలని ప్రైవేటు బిల్లు తెచ్చారు. అప్పటి ఒడిశా ఎంపీ తథాగత సత్పతి బహిరంగంగా మాట్లాడారు. అవేవీ ముందుకు సాగలేదు. సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసి 2019లో విడుదల చేసిన సర్వే ప్రకారం ఏడాదిలో ఏదో ఒక రూపంలో గంజాయి వాడినవాళ్లు 2.8 శాతం, అంటే దాదాపు 3.1 కోట్ల మంది. ఇంతమందిలో ఎవరు జైలుకు వెళ్తారన్నది వాళ్ల కులం, జేబు, లాయరు తేలుస్తున్నాయని నేను నమ్ముతున్నాను. కొద్ది మొత్తం తాగేవాడిని జైల్లో పెట్టడం ఆపి డాక్టరు దగ్గరికి పంపాలి. చికిత్సకు ఒప్పుకున్న బానిసలకు మినహాయింపు ఇచ్చే సెక్షన్ 64ఏ ఇప్పటికే చట్టంలో ఉంది, దాన్ని వాడటం రావాలి.

దుకాణాలు తెరవడం వేరే సంగతి. 1894 నివేదికను పట్టుకుని గంజాయి హానికరం కాదనడం పొరపాటు. చిలుంలో పీల్చిన ఆనాటి గంజాయికీ, ఇవాళ చేతులు మారుతున్న హషీష్ ఆయిల్‌కీ మత్తులో పోలికే లేదు. ఎదిగే వయసులో ఎక్కువగా వాడితే మానసిక వ్యాధులు వచ్చే ముప్పు పెరుగుతుందని వైద్యులు చెబుతున్నారు. గ్రామానికో మానసిక వైద్యుడు కాదు కదా, చాలా జిల్లాల్లో సరిపడా లేని దేశం మనది.

సాగును చట్టబద్ధం చేసే దారి మాత్రం ఎన్‌డీపీఎస్‌లోనే ఉంది. వైద్యం, పరిశోధన కోసం సెక్షన్ 10 కింద రాష్ట్రాలు నియమాలు చేసుకోవచ్చు. పరిశ్రమలకు పనికొచ్చే నార రకానికి ఉత్తరాఖండ్ 2018లో లైసెన్సు ఇచ్చింది. హిమాచల్ ప్రదేశ్ అదే బాటలో ఉంది. రేపు మన దగ్గరా ఆ మాట వస్తే లైసెన్సు ఎవరికన్నది మొదట తేలాలి. మన్యంలో 1/70 చట్టం ఉంది, గిరిజనేతరులకు భూమి పోకూడదు. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు ప్రైవేటు కంపెనీలకు లీజు కూడా కుదరదంది. ఈ రెండింటినీ పక్కకు నెట్టి కంపెనీ తోటలు పెడితే, అక్రమ పంటకు జైలుకు వెళ్లిన కుటుంబమే సక్రమ పంటలో కూలికి పోతుంది. వేరే నమూనా చరిత్రలో ఉంది. 1917లో నౌగావ్ రైతులు సహకార సంఘం పెట్టుకుని, లాభాలతో బడులు, ఆసుపత్రులు నడిపారు. మన దగ్గర కాఫీ, మిరియాలు కొంటున్న గిరిజన సహకార సంస్థ ఉండనే ఉంది. లైసెన్సుల మాట వస్తే కొనుగోలు హక్కు దానికే దక్కాలని, పాత చిన్న కేసుల రద్దు కూడా అదే ఉత్తర్వులో ఉండాలని మన్యం ఎమ్మెల్యేలు ముందే అడగాలి.