జీడిమెట్ల గేటు దాకా వచ్చిన కర్బన లెక్క

జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారంలోని చిన్న మందుల యూనిట్లకు పెద్ద కంపెనీల పర్చేజ్ విభాగాల నుంచి మళ్ళీ ఎక్సెల్ షీట్లు వస్తున్నాయి. కరెంటు ఎంత వాడారు, డీజిల్ ఎంత కాల్చారు, బాయిలర్లో ఏం వేశారు, నీళ్లు ఎక్కడివి? వీటి నుంచి ఎంత కర్బనం గాలిలోకి పోయిందో లెక్క తీసే ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నదే ఇప్పుడు గొడవ.

పర్యావరణం, సమాజం పట్ల బాధ్యత మీద పెద్ద లిస్టెడ్ కంపెనీలు ఏటా నివేదిక ఇవ్వాలని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ పెట్టిన నియమం ఉంది. 2012లో దాని పేరు బీఆర్‌ఆర్, 2021లో దాని స్థానంలో బీఆర్‌ఎస్‌ఆర్ వచ్చింది. అప్పట్లో కంపెనీ తన అంకె తనే రాసుకునేది, బయటివాళ్ల సంతకం తప్పనిసరి కాదు. కథ మలుపు తిరిగింది 2023 జూలై 12న. ఆ రోజు సెబీ ఇచ్చిన బీఆర్‌ఎస్‌ఆర్ కోర్ సర్క్యులర్, ఆ నివేదికలోని తొమ్మిది ముఖ్య అంశాలకు సంబంధించిన అంకెలను బయటివాళ్లు ధ్రువీకరించాలంది. మార్కెట్ విలువలో తొలి 150 కంపెనీలకు 2023-24 నుంచి, ఆపై ఏటా 250, 500, చివరికి 2026-27కు 1000 కంపెనీలకు. అంతటితో ఆగలేదు. తొలి 250 కంపెనీలు తమ కొనుగోళ్లు, అమ్మకాల్లో కలిపి 75 శాతం దాకా వాటా ఉన్న భాగస్వాముల, అంటే తమకు సరుకు ఇచ్చేవాళ్ల, తమ దగ్గర కొనేవాళ్ల వివరాలు కూడా ఇవ్వాలంది. స్టాక్ ఎక్స్ఛేంజి గడప తొక్కని యూనిట్ సెబీ లెక్కలోకి చేరింది అక్కడే.

పరిశ్రమ అభ్యంతరాల తర్వాత 2025 మార్చి 28న ఇంకో సర్క్యులర్ వచ్చింది. 'ధ్రువీకరణ' కాస్తా 'మదింపు లేదా ధ్రువీకరణ' అయింది. ఆ మదింపుకు ప్రమాణాలు రాసే పని పరిశ్రమ సంఘాలు అసోచామ్, సీఐఐ, ఫిక్కీ కలిసి నడిపే ఇండస్ట్రీ స్టాండర్డ్స్ ఫోరమ్‌కు అప్పగించారు, సెబీని సంప్రదిస్తూ. భాగస్వాముల వివరాలు 2025-26కు స్వచ్ఛందం. అదీ విడివిడిగా 2 శాతం, ఆ పైన వాటా ఉన్నవాళ్లవే. చిన్నవాళ్లకు ఇది ఊరటలాగే కనిపించింది. కానీ కొనేవాడు వెండర్లందరికీ, అంటే సరుకు ఇచ్చేవాళ్లందరికీ ఒకే షీటు పంపితే అర శాతం వాటా లేనివాడూ నింపాల్సిందే. సెబీ దగ్గర స్వచ్ఛందమైనది వెండర్ రేటింగ్‌లో షరతుగా మారుతోంది. విదేశీ కొనుగోలుదారులు మమ్మల్నీ అడుగుతున్నారని పెద్ద కంపెనీలు అంటున్నాయి. అందులో అబద్ధమేమీ లేదు.

ఇక యూనిట్ లోపలికి వెళ్తే, మొదటి తప్పు కరెంటు బిల్లులోనే జరుగుతోంది. తెలంగాణలో హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ బిల్లు కేవీఏహెచ్ మీద వేస్తారు, ఉద్గారాల లెక్కకు కావాల్సింది నిజంగా వాడిన యూనిట్లు, అంటే కేడబ్ల్యూహెచ్. ఈ రెంటి నిష్పత్తే పవర్ ఫ్యాక్టర్. అది 0.95 ఉన్నచోట లక్ష కేవీఏహెచ్‌ని అలాగే ఎక్కిస్తే 5,000 యూనిట్లు ఎక్కువ పడినట్టే. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023-24కు ఇచ్చిన గుణకం యూనిట్‌కు 0.727 కిలోల కార్బన్ డయాక్సైడ్. అంటే లేని 3.6 టన్నులను నెత్తికెత్తుకున్నట్టు. రీడింగ్ నెల మధ్యలో తీసేచోట మార్చి, ఏప్రిల్ బిల్లులను రోజుల ప్రకారం విడగొట్టాలి.

డీజిల్‌కు కొన్న బిల్లులు చాలవు. ఏప్రిల్ 1 నిల్వకు కొన్నది కలిపి, మార్చి 31 నిల్వ తీసేయాలి. లీటరుకు సుమారు 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్. దీన్ని అందరూ రాస్తారు, ఏసీ గ్యాస్‌ని మాత్రం మరిచిపోతారు. ఏసీల్లో వాడే ఆర్-410ఏ గ్యాస్ పది కిలోలు లీకైతే 20 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన వేడిమి దాటుతుంది, అంటే దాదాపు 7,800 లీటర్ల డీజిల్ కాల్చినంత. ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) బిల్లులో 'గ్యాస్ టాపప్' అని రాసి వదిలేస్తే కుదరదు, ఏ గ్యాస్, ఎన్ని కిలోలు అన్నది మెకానిక్ చేత రాయించుకోవాలి.

బాయిలర్లో కాల్చే పల్లీ పొట్టు, రంపపు పొట్టు బ్రికెట్ల (నొక్కి చేసిన దిమ్మల) నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను విడిగా చూపాలి. మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ మాత్రం స్కోప్ 1లోకే, అంటే యూనిట్ సొంత ఉద్గారాల లెక్కలోకే వస్తాయి. వానాకాలంలో బ్రికెట్లు తడిసి బొగ్గు వేసిన రోజులు లాగ్‌బుక్కులో లేకపోతే మదింపు చేసేవాడు అక్కడే పట్టుకుంటాడు. కాలుష్య నియంత్రణ మండలికి సెప్టెంబరు 30లోగా ఇచ్చే ఫారం 5లోని నీటి అంకె, షీటులోని అంకె పక్కపక్కన పెట్టి చూడటం కూడా అతని పనే.

వీటన్నిటి కంటే కష్టమైంది పంపకం. ఒకే రియాక్టర్లో ఐదుగురు కస్టమర్ల సరుకు నడుస్తుంది. ఒకరు కిలో సరుకుకు కర్బనం ఎంత అంటారు, ఇంకొకరు రూపాయి అమ్మకానికి ఎంత అంటారు. ఆవిరి ఏ బ్యాచ్‌కి ఎంత పోయిందో చెప్పే మీటరు ఉండదు కాబట్టి బ్యాచ్ కార్డుల్లోని రియాక్టర్ గంటల లెక్కన పంచాలి, ఐదుగురికీ అదే పద్ధతి చెప్పాలి. లేదంటే బ్లాకుకో స్టీమ్ ఫ్లో మీటరు పెట్టుకోవాలి. వివరాలు అడిగే ఎక్సెల్ షీటులో దాని ఖరీదు రాసుకోవడానికి మాత్రం గడి లేదు.