కుండకి రంగేసిన తాతయ్య

చిన్నూకి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో చిన్నూ నిలదీశాడు. "బందరులో 38 డిగ్రీలకే చచ్చిపోతున్నానని గోల పెడతావు. 45 డిగ్రీల జైసల్మేర్‌లో బాగుందంటావేంటి తాతయ్యా?" అప్పుడు నవ్వి తప్పించుకున్నాను. ఇప్పుడు చెబుతాను.

బుద్ధున్నవాళ్లు అక్కడికి చలికాలంలో వెళ్తారు. గదులు చవకని మేం మే నెలలో వెళ్లాం. మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి వీధిలో కుక్క కూడా లేదు.

మన ఒళ్లు ఒక మట్టికుండ అనుకోండి. కుండకి కంటికి కనపడని సన్న రంధ్రాలుంటాయి. వాటిలోంచి నీళ్లు బయటికి ఊరి, ఆవిరవుతూ లోపలి వేడిని పట్టుకుపోతాయి. చెమట చేసే పనీ అదే. బందరు గాలి సముద్రం దగ్గర కడుపునిండా తాగి వస్తుంది. మన చెమట ఇంకెక్కడ తాగుతుంది? జైసల్మేర్ ఉన్న థార్ ఎడారి గాలి అలా కాదు, దాహంతో ఉంటుంది. చెమట ఇలా పుట్టగానే అలా తాగేస్తుంది.

నా పదేళ్లప్పుడు మా బామ్మ వసారాలో తడి ఇసుక మీద కుండ పెట్టేది. బండి చక్రాలకి వేయగా మిగిలిన ఎర్ర పెయింటు కనపడింది నాకు. అందంగా ఉంటుందని కుండంతా పూసేశాను. సాయంత్రానికి కూడా నీళ్లు చల్లబడలేదు, పైగా పెయింటు వాసన. "దాని ఊపిరి మూసేశావు కదరా!" అని బామ్మ వీపు మీద ఒక్కటిచ్చింది. ఏ సైన్సు మాస్టారూ నాకు అంత బాగా చెప్పలేదు.

అయితే కుండలో నీళ్లు అయిపోతే? ఎడారిలో చెమట కనపడదు కాబట్టి ఒంట్లో నీళ్లు తగ్గుతున్నట్టే తెలియదు. రెండో రోజు మీ నాన్నమ్మ కళ్లు తిరిగి ఒక అరుగు మీద కూర్చుండిపోయింది. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు పట్టాక తేరుకుంది. బుజ్జీ, నీ వాటర్ బాటిల్ స్కూలు నుంచి నిండుగానే తిరిగొస్తోందని మీ అమ్మ చెప్పింది. నాకన్నీ తెలుస్తాయి.

గాలి మన ఒంటికన్నా వేడిగా ఉంటే తగిలినకొద్దీ కాలుస్తుంది. అందుకే అక్కడివాళ్లు చొక్కా విప్పరు, తలపాగా చుట్టి ఒళ్లంతా కప్పుకుంటారు. ఊరూ అంతే. 1156లో రావల్ జైసల్ కట్టించిన కోటలో ఇప్పటికీ జనం కాపురాలుంటున్నారు. సందులు ఎంత ఇరుకంటే, ఈ ఇంటి నీడ ఎదురింటికి గొడుగు. మందపాటి రాతి గోడలకి జల్లెడలాంటి రాతి కిటికీలు. అవే ఆ కుండ రంధ్రాలు! (సాగదీస్తున్నానని నాకూ తెలుసు.)

సాయంత్రం గడీసర్ చెరువు గట్టున మేమిద్దరమే ఉన్నాం. ఎండ దిగేకొద్దీ పసుపురాతి కోట తేనె రంగుకి తిరిగింది. అదెందుకో చెప్పబోతే మీ నాన్నమ్మ "మాట్లాడకుండా చూడండి" అంది. చూశాను.

మీరు రెండు చిన్న కుండలు కొనండి. ఒకదానికి బయట పెయింటు వేసి ఆరనివ్వండి. రెండింట్లో నీళ్లు పోసి నీడలో పెట్టి, సాయంత్రం చెయ్యి ముంచి చూడండి. పెయింటు కుండ నీళ్లు తాగకండి. ఇక్కడ నేనూ ఒక కుండ పెడతాను. మీ హైదరాబాదు కుండ ఎక్కువ చల్లబడిందో, నా బందరు కుండో ఆదివారం ఫోన్‌లో తేల్చుకుందాం.

మీ తాతయ్య