మ్యాక్‌కి వైరస్ రాదు, విండోస్‌కే వస్తుంది: ఈ మాట ఎక్కడ మొదలైంది

"మ్యాక్ కొనుక్కో, వైరస్ గోల ఉండదు" అని ఇప్పటికీ సలహా ఇచ్చేవాళ్ళు ఉన్నారు, కానీ ఇళ్ళల్లో కంప్యూటర్ల మధ్య తిరిగిన తొలి వైరస్సుల్లో ఒకటి వచ్చింది ఆపిల్ మెషిన్ మీదే. 1982లో అమెరికాలో రిచ్ స్క్రెంటా అనే 15 ఏళ్ళ స్కూల్ కుర్రాడు ఆపిల్ 2 కోసం ఎల్క్ క్లోనర్ రాశాడు, అది ఫ్లాపీల ద్వారా పాకేది, 50వ సారి బూట్ చేస్తే స్క్రీన్ మీద ఓ చిన్న కవిత వచ్చేది, అంతే. ఐబీఎం పీసీలకి, అంటే తర్వాత విండోస్ నడిచిన రకం మెషిన్లకి, వైరస్ వచ్చింది 1986లో, లాహోర్ నుంచి, దాని పేరు బ్రెయిన్.

మరి చెడ్డపేరు విండోస్‌కి ఎందుకొచ్చిందంటే, జనం చేతిలో ఎక్కువగా ఉన్నది అదే, పైగా విండోస్ 95, 98లో ఏ ప్రోగ్రామ్ అయినా ఏ ఫైల్‌నైనా ముట్టుకోవచ్చు, అడ్డే లేదు. విండోస్ ఎక్స్‌పీలో వేర్వేరు అకౌంట్లు వచ్చినా ఇంట్లో అందరూ అన్ని అధికారాలూ ఉన్న అడ్మిన్ అకౌంట్‌లోనే కూర్చునేవాళ్ళు. 2000 మేలో ఐ లవ్ యూ వైరస్ మెయిల్లో వచ్చినప్పుడు ఫైల్ పేరు చివర్లో టీఎక్స్‌టీ అని మాత్రమే కనిపించేది, దాని తర్వాత ఉన్న వీబీఎస్‌ని, అంటే ఇది నడిచే ప్రోగ్రామ్ అని చెప్పే ముక్కని, విండోసే దాచేసేది, చూసినవాళ్ళు మామూలు ఉత్తరమే అనుకుని నొక్కారు. 2003 ఆగస్టులో వచ్చిన బ్లాస్టర్ వైరస్‌కి ఆ నొక్కడం కూడా అక్కర్లేదు, నెట్ కనెక్ట్ చేస్తే చాలు, 60 సెకన్లలో షట్‌డౌన్ అని బాక్స్ వచ్చి అంకెలు తగ్గుతూ ఉండేవి. దానికి ప్యాచ్, అంటే లోపాన్ని పూడ్చే అప్‌డేట్, జులైలోనే వచ్చేసింది!

నా దృష్టిలో అసలు కథ ఇక్కడే ఉంది, కంపెనీ పేరు కంటే ప్యాచ్ వచ్చిన రోజుకీ అది మన మెషిన్‌లో పడిన రోజుకీ మధ్య ఉన్న గ్యాపే ముఖ్యం.

మన ఊళ్ళల్లో ఆ గ్యాప్ ఏళ్ళ తరబడి ఉండేది. అసెంబుల్డ్ పీసీలో పైరేటెడ్ ఎక్స్‌పీ వేసి, దొరికిపోతామని అప్‌డేట్లు ఆఫ్ చేసేవాళ్ళు. జిరాక్స్ షాపులో పెన్‌డ్రైవ్ పెట్టి ప్రింట్ తీసుకుని ఇంటికొచ్చి తెరిస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లు అయిపోయి ఉండేవి, అసలు ఫోల్డర్లు లోపలే హిడెన్‌గా ఉన్నా పోయాయనుకుని ఫార్మాట్ చేసి పెళ్ళి ఫోటోలు పోగొట్టుకున్నవాళ్ళు ఎంతమందో. పెన్‌డ్రైవ్ పెట్టగానే వైరస్ నడవడానికి దారిచ్చిన ఆటోరన్‌ని మైక్రోసాఫ్ట్ 2011లో అప్‌డేట్ ద్వారా ఆపేసింది, కానీ అప్‌డేట్లే ఆఫ్‌లో ఉంటే అదెలా చేరుతుంది?

మ్యాక్‌కీ ఇదే జరిగింది. 2012లో ఫ్లాష్‌బ్యాక్ అనే వైరస్ 6 లక్షలకి పైగా మ్యాక్‌లని పట్టుకుంది, అది వాడుకున్నది జావా అనే సాఫ్ట్‌వేర్‌లోని లోపాన్ని, దానికి జావా తయారుచేసే ఒరాకిల్ ఫిబ్రవరిలోనే ప్యాచ్ ఇచ్చింది, ఆపిల్ ఇచ్చింది ఏప్రిల్లో. లైనక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌లో రిపాజిటరీ, అంటే దాని సొంత సాఫ్ట్‌వేర్ నిల్వ, నుంచే ఎక్కువగా సాఫ్ట్‌వేర్ వేసుకోవడం, సిస్టమ్‌లో ఏదైనా మార్చాలంటే మాటిమాటికీ పాస్‌వర్డ్ అడగడం వల్ల కొంత నయం, ఇళ్ళల్లో వాడేవాళ్ళు తక్కువ కాబట్టి దాడులూ తక్కువే.

2017 మే 12న ఫైళ్ళు లాక్ చేసి డబ్బులడిగే వాన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా లాక్ అయ్యాయి, దాని ప్యాచ్ మార్చిలోనే ఉంది. ఇప్పుడు విండోస్ 10 వంతు, 2025 అక్టోబర్ 14తో దాని మామూలు సపోర్ట్ అయిపోయింది, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ లేని పాత మెషిన్లని విండోస్ 11కి మార్చడానికి మైక్రోసాఫ్ట్ ఒప్పుకోదు. ఇళ్ళల్లో వాడేవాళ్ళకి ఇంకో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామంది, కానీ అవి వాటంతటవే రావు, సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్‌లోకి వెళ్ళి మనమే ఎన్‌రోల్ చేసుకోవాలి.