బొక్కసం తాళంచెవి కోసం అరవై ఏళ్లు

ఏటా మార్చిలో మన చట్టసభల ముందుకు ద్రవ్య వినిమయ బిల్లు వస్తుంది. బడ్జెట్ ప్రసంగం నాటి సందడి దానికి ఉండదు. ఆ పేరు విని టీవీ శబ్దం పెంచేవారు అరుదు. అయినా అది గట్టెక్కితే తప్ప కొత్త ఆర్థిక సంవత్సరంలో ప్రభుత్వం తన ప్రధాన ఖజానా అయిన సంచిత నిధి నుంచి ఒక్క రూపాయి తీయలేదు. ఎన్నికలు ముంచుకొచ్చి పూర్తి బడ్జెట్‌కు వ్యవధి లేకపోతే, కనీసం కొన్ని నెలల ఖర్చుకు తాత్కాలిక అనుమతి అయిన ఓటాన్ అకౌంట్‌కైనా సభ సరే అనాలి. ఖర్చుకు ఈ కట్టడి ఉన్నట్టే రాబడికీ ఒకటుంది. చట్టం అనుమతి లేనిదే ఏ పన్నూ విధించకూడదు, వసూలు చేయకూడదు అని రాజ్యాంగం 265వ అధికరణం ఒక్క వాక్యంలో తేల్చేసింది.

ఆ వాక్యం మూలం వెతుక్కుంటూ వెళితే పదిహేడో శతాబ్దపు ఇంగ్లండ్‌లో తేలతాం. అక్కడ దానికోసం ఒక రాజు తల తెగింది, మరో రాజు దేశం విడిచి పారిపోయాడు. నిరంకుశ రాజరికం మీద పార్లమెంటు గెలిచిన కథగానో, కాథలిక్కులకూ ప్రొటెస్టంట్లకూ మధ్య జరిగిన పోరుగానో దీన్ని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. రెండూ అబద్ధం కాదు. కానీ జమాఖర్చుల పద్దు పక్కన పెట్టుకుని చదివితే కథ నడక వేరుగా కనిపిస్తుంది.

స్కాట్లండ్ రాజు జేమ్స్ 1603లో ఇంగ్లండ్ సింహాసనం కూడా ఎక్కాడు. రాజు విష్ణ్వంశ సంభూతుడని మన పెద్దలు చెప్పిన మాటకు దగ్గరగా ఆయనకూ ఒక నమ్మకం ఉండేది. భూమి మీద రాజులు దేవుడి ప్రతినిధులనీ, దేవుడే వారిని దేవుళ్లని పిలిచాడనీ 1610లో పార్లమెంటుకే ఉపదేశించాడు. అయితే ఆ దేవుడి ప్రతినిధి బొక్కసం ఖాళీగా ఉండేది.

ఇక్కడ రాజు పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. మామూలు రోజుల్లో రాజు తన సొంత భూముల రాబడితో, రేవు సుంకాలతో నెట్టుకురావాలి. యుద్ధం వస్తే పార్లమెంటును పిలిచి అడగాలి. ఇదీ పాత ఆనవాయితీ. పదహారో శతాబ్దమంతా ధరలు పెరుగుతూనే ఉన్నాయి. స్పెయిన్‌తో యుద్ధాల కోసం ఎలిజబెత్ రాణి రాజభూములు అమ్మేసింది. పార్లమెంటు మంజూరు చేసే పన్నుకు ఎవరి ఆదాయం ఎంతో లెక్క రాసేది ఆయా జిల్లాల భూస్వాములే, తమ పేర్ల ఎదుట వాళ్లు ఎంత రాసుకునేవారో ఊహించడం కష్టం కాదు. అడిగితే ఇవ్వరు, అడగకుండా తీసుకుంటే ఊరుకోరు. జేమ్స్ ఈ చిక్కులోనే కాలం వెళ్లదీశాడు. ఆయన కొడుకు చార్లెస్ అడగడం మానేశాడు.

సముద్రం మీదుగా వచ్చే ద్రాక్షసారాకు పీపాకు ఇంత, మిగతా సరుకుకు పౌను విలువకు ఇంత అని వేసే సుంకాలను ప్రతి రాజుకూ పట్టాభిషేకం కాగానే జీవితకాలానికి మంజూరు చేయడం చాలాకాలంగా వస్తున్న పద్ధతి. 1625లో పార్లమెంటులోని ఎన్నికైనవారి సభ, అంటే కామన్స్ సభ, చార్లెస్‌కు వాటిని ఒక్క ఏడాదికే ఇస్తామంది. ప్రభువులు కూర్చునే లార్డ్స్ సభలో అదీ ముందుకు సాగలేదు. చార్లెస్ వసూలు మాత్రం ఆపలేదు. మరుసటి ఏడాది ధనవంతుల నుంచి బలవంతపు అప్పు గుంజాడు. ఇవ్వబోమన్నవాళ్లను జైల్లో పెట్టించాడు. వారిలో ఐదుగురు నైట్లు తమ నేరమేమిటో చెప్పమని కోర్టుకెక్కితే, రాజుగారి ప్రత్యేక ఆజ్ఞ అన్నదే జవాబు. రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా!

దాంతో 1628లో పార్లమెంటు హక్కుల వినతి పత్రం తయారుచేసి రాజు చేత ఒప్పించింది. పార్లమెంటు సమ్మతి లేని పన్ను వద్దు, కారణం చూపని నిర్బంధం వద్దు, ఇళ్లలో సైనికులను దించడం వద్దు. ఇంత స్పష్టంగా రాసుకున్న కాగితం ఏడాది తిరగకముందే చిత్తుకాగితమైంది.

1629 మార్చి 2న కామన్స్ సభను వాయిదా వేయాలని రాజాజ్ఞ వచ్చింది. స్పీకర్ జాన్ ఫించ్ కుర్చీలోంచి లేవబోతే డెంజిల్ హోలిస్, బెంజమిన్ వాలంటైన్ అనే ఇద్దరు సభ్యులు ఆయనను పట్టుకుని మళ్లీ కూర్చోబెట్టారు. మేము లేద్దామనుకునే దాకా నువ్వు కదలడానికి లేదన్నాడు హోలిస్. బయట రాజదూత తలుపు బాదుతున్నాడు. లోపల గడియ వేసుకుని మూడు తీర్మానాలు చేశారు. పార్లమెంటు ఇవ్వని సుంకాన్ని వసూలు చేయమని సలహా ఇచ్చినవాడే కాదు, దాన్ని ఇష్టపడి కట్టిన వర్తకుడు కూడా దేశస్వేచ్ఛకు ద్రోహి అన్నది వాటి సారం. ఆ తీర్మానాల వెనుక ఉన్న జాన్ ఎలియట్ 1632లో లండన్ టవర్ జైల్లోనే చనిపోయాడు. పార్లమెంటు మళ్లీ కొలువుతీరడానికి పదకొండేళ్లు పట్టింది.

వర్తకుల కష్టం చిన్నది కాదు. ఇంగ్లండ్‌లో పిండినంతగా వర్తకుణ్ణి లోకంలో ఎక్కడా పిండరనీ, టర్కీలోనే నయమనీ రిచర్డ్ చేంబర్స్ అనే లండన్ వ్యాపారి రాజు మంత్రుల ముందే నోరు జారాడు. స్టార్ చాంబర్ న్యాయస్థానం ఆయనకు 2,000 పౌన్ల జరిమానా వేసింది. సరిగ్గా ఆ కాలంలోనే, 1632లో, గోల్కొండ సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్ షా ఏటా 500 పగోడాలు (నాటి బంగారు నాణేలు) కడితే చాలు, తన రేవుల్లో స్వేచ్ఛగా వ్యాపారం చేసుకోండని ఇంగ్లిష్ కంపెనీకి బంగారు ఫర్మానా ఇచ్చాడు. మచిలీపట్నంలో సుంకం ఎంతో ఖాయంగా తెలిసేది. లండన్ రేవులో సుంకానికి అసలు చట్టబద్ధత ఉందా లేదా అన్నదే తగాదా.

పదకొండేళ్లూ చార్లెస్ లాయర్ల చేత పాత దస్తరాలు తిరగేయించాడు. ఏటా 40 పౌన్ల ఆదాయం ఉండి కూడా పట్టాభిషేకానికి వచ్చి నైట్ బిరుదు పుచ్చుకోలేదని జరిమానాలు వేశాడు. వందల ఏళ్ల కిందటి అడవి సరిహద్దులు చూపించి, అందులో ఇళ్లు కట్టుకున్నారని జరిమానాలు వేశాడు. అన్నిటికన్నా గడుసైనది ఓడ పన్ను. యుద్ధభయం ఉన్నప్పుడు తీరప్రాంత పట్టణాలు రాజుకు ఓడలు సమకూర్చాలన్నది పాత నియమం. 1634లో ఓడలకు బదులు డబ్బు ఇవ్వమన్నాడు. మరుసటి ఏడాది సముద్రం ముఖం చూడని జిల్లాలకూ విస్తరించాడు. ఏటా దాదాపు రెండు లక్షల పౌన్లు. యుద్ధమేదీ లేదు, పార్లమెంటూ లేదు. రాజు ప్రమాదం ఉందంటే ఉన్నట్టే!

బకింగ్‌హామ్‌షైర్ భూస్వామి జాన్ హాంప్డెన్ తన ఒక భూమి మీద పడిన ఇరవై షిల్లింగులు కట్టనన్నాడు. ఆయనకు అదొక లెక్క కాదు. ఊరూరా భూములున్న మనిషి. ఒక్క పౌను కోసం రాజ్యంలోని పన్నెండుమంది న్యాయమూర్తులు నెలల తరబడి వాదనలు విన్నారు. 1638లో ఏడుగురు రాజు వైపు, ఐదుగురు హాంప్డెన్ వైపు నిలిచారు. దేశరక్షణ కోసం రాజుకున్న అధికారాన్ని తీసివేసే ఏ పార్లమెంటు చట్టమైనా చెల్లదని అందరికన్నా గట్టిగా తీర్పు రాసిన న్యాయమూర్తి ఎవరో కాదు, తొమ్మిదేళ్ల కిందట కుర్చీలోంచి లేవనివ్వని ఆ స్పీకర్ ఫించే. రాజు గెలిచాడు. కానీ ఐదుగురు కాదన్నారన్న కబురు దేశమంతా పాకాక పన్ను వసూలు పడిపోసాగింది.

ఇంకా ఎన్నేళ్లు నడిచేదో చెప్పలేం కానీ, చార్లెస్ స్కాట్లండ్ చర్చిల మీద కొత్త ప్రార్థన పుస్తకం రుద్దాడు. అక్కడి జనం తిరగబడ్డారు. సైన్యం కావాలి, సైన్యానికి జీతాలు కావాలి. 1640లో పార్లమెంటును పిలవక తప్పలేదు. మొదటిది మూడు వారాలకే రద్దయింది. నవంబరులో కూర్చున్న రెండోది రాజును చిక్కించుకుంది. ఫించ్ హాలండ్‌కు పారిపోయాడు. ఓడ పన్ను, స్టార్ చాంబర్ రెండూ 1641లో రద్దయ్యాయి. తన ఒప్పుదల లేకుండా తనను రద్దు చేయకూడదని పార్లమెంటు చట్టం చేయించుకుంది. 1642 జనవరి 4న హాంప్డెన్, హోలిస్ సహా ఐదుగురు సభ్యులను పట్టుకుపోవడానికి చార్లెస్ సైనికులతో స్వయంగా కామన్స్ సభకు వచ్చాడు. వాళ్లు ముందే జారుకున్నారు. ఎక్కడున్నారని అడిగితే, ఈ సభ ఆదేశిస్తే తప్ప నాకు ఇక్కడ చూసే కళ్లూ లేవు, మాట్లాడే నాలుకా లేదన్నాడు కొత్త స్పీకర్ లెంథాల్, మోకాళ్ల మీద కూర్చుని.

ఆ ఏడాదే రాజుకూ పార్లమెంటుకూ మధ్య యుద్ధం మొదలైంది, చివరికి రాజు ఓడిపోయాడు. హాంప్డెన్ 1643లో గాయపడి చనిపోయాడు. చార్లెస్ తల 1649 జనవరి 30న తెగిపడింది. తక్కువగా చెప్పుకునే సంగతి ఒకటుంది. పన్నుల విషయంలో పార్లమెంటు కూడా తక్కువ తినలేదు. యుద్ధ ఖర్చుకు 1643లో బీరు లాంటి సరుకుల మీద ఎక్సైజ్ పన్ను వేసింది, ఆపైన నెలనెలా భూమి పన్ను. వాటి ముందు ఓడ పన్ను ఏపాటి! పార్లమెంటు సైన్యం నుంచి ఎదిగి రాజ్య సంరక్షకుడైన క్రామ్‌వెల్ కాలంలో జార్జ్ కోనీ అనే వర్తకుడు మళ్లీ అదే ప్రశ్న వేశాడు. పార్లమెంటు ఇవ్వని సుంకం నేనెందుకు కట్టాలి? అతని తరఫున వాదించిన ముగ్గురు న్యాయవాదులను క్రామ్‌వెల్ టవర్ జైలుకు పంపాడు. రాజు లేకపోయినా రాజరికపు అలవాటు పోలేదు.

1660లో రాజరికం తిరిగొచ్చినప్పుడు పార్లమెంటు చేసిన తప్పు నా దృష్టిలో ఇదే: తల తెగిన రాజు కొడుకు రెండో చార్లెస్‌కు ఏటా 12 లక్షల పౌన్లు వచ్చేలా రాబడి కట్టబెట్టింది, అదీ చాలావరకు జీవితాంతం. మొదట్లో అంత రాలేదు కానీ, వ్యాపారం పెరిగేకొద్దీ సుంకాలూ పెరిగాయి. పైగా ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ రహస్యంగా డబ్బు పంపేవాడు. చివరి నాలుగేళ్లు చార్లెస్ పార్లమెంటును పిలవనే లేదు. 1685లో ఆయన తమ్ముడు రెండో జేమ్స్‌కూ జీవితకాల రాబడే ఇచ్చారు. అది సుమారు 20 లక్షల పౌన్ల దాకా చేరింది. జేమ్స్ ఆ నవంబరులో పార్లమెంటును వాయిదా వేసి మళ్లీ కూర్చోనివ్వలేదు. ఆ డబ్బుతో సైన్యాన్ని పెంచాడు, చట్టాన్ని పక్కకు నెట్టి కాథలిక్ అధికారులను నియమించాడు. తన పీకకు తాడు తానే పేని ఇచ్చినట్టయింది పార్లమెంటు పని.

1688 నవంబరు 5న జేమ్స్ అల్లుడు, హాలండ్ పాలకుడు విలియం సైన్యంతో ఇంగ్లండ్ తీరంలో దిగాడు. జేమ్స్ రాజముద్రను థేమ్స్ నదిలో పారేసి పారిపోయాడు. మరుసటి ఏడాది వచ్చిన హక్కుల బిల్లులో పన్నుల గురించి ఉన్న మాట 1628 నాటి వినతి పత్రంలో ఉన్నదే. ఆ మాటే అప్పుడు చెల్లలేదు, ఇప్పుడు చెల్లింది. తేడా మాటలో లేదు, గడువులో ఉంది. 1690లో కొత్త రాజు విలియంకు రేవు సుంకాలను నాలుగేళ్లకే ఇచ్చారు. రాజుకు తక్కువ ఇస్తే తర్వాత కలపవచ్చు, ఎక్కువ ఇస్తే మళ్లీ రాబట్టలేమని సభలో ఒకరు అన్నారు. సైన్యంలో క్రమశిక్షణకు చేసిన మ్యూటినీ చట్టానికి కూడా కొద్ది నెలలే గడువు, తర్వాత ఏటా పొడిగించుకోవాలి. 1689 నుంచి ఇంగ్లండ్ పార్లమెంటు సమావేశం కాని ఏడాది లేదు.

ఇది ప్రజల రాజ్యమేమీ కాదు. ఓటు ఆస్తిపరులదే. అట్టడుగువారికీ ఓటివ్వాలని 1647లో సైన్యంలోనే కొందరు వాదిస్తే పార్లమెంటు పక్షపు నాయకులే కొట్టిపారేశారు. ఈ సూత్రాన్ని ఇంత గట్టిగా పట్టుకున్న దేశమే వలసల్లో ఎవరి సమ్మతీ అడగలేదు. 1921-22లో గుంటూరు జిల్లా పెదనందిపాడు రైతులు శిస్తు కట్టబోమని బిగుసుకుంటే సైన్యాన్ని దించింది.

పక్కనున్న ఫ్రాన్స్ వేరే దారిన వెళ్లింది. అక్కడ ఎస్టేట్స్ జనరల్ అనే సభను 1614 తర్వాత 175 ఏళ్లపాటు ఏ రాజూ పిలవలేదు. పిలవకుండానే భూమి పన్నులు వసూలయ్యేవి, ప్రభువులకూ చర్చికీ చాలావరకు మినహాయింపులు సాగేవి. చూడటానికి రాజు బలవంతుడే. కానీ 1694లో ఇంగ్లండ్ పార్లమెంటు ఒక పన్నును హామీగా చూపి, కొత్తగా పెట్టిన బ్యాంకు ద్వారా 12 లక్షల పౌన్లు 8 శాతం వడ్డీకి తెచ్చుకోగలిగితే, ఫ్రాన్స్ రాజు అంతకన్నా ఎక్కువ వడ్డీ కట్టేవాడు. రాజు మాట రాజుతోనే పోతుందని అప్పిచ్చేవాడికి తెలుసు. అమెరికా యుద్ధంలో దిగాక 1788 నాటికి ప్రభుత్వ ఖర్చులో సగం అప్పుల కిందికే పోయేది. గత్యంతరం లేక పదహారో లూయీ 1789 మేలో ఆ సభను పిలిచాడు.

జూన్ 17న అందులోని సామాన్యుల ప్రతినిధులు తమను తాము జాతీయ అసెంబ్లీగా ప్రకటించుకున్నారు. అదే రోజు చేసిన ఒక తీర్మానంలో, ఇప్పుడున్న పన్నులన్నీ దేశం సమ్మతి లేనివి కాబట్టి చట్టవిరుద్ధమన్నారు. అయినా ప్రస్తుతానికి వసూలు చేసుకోవచ్చని, అది కూడా ఈ అసెంబ్లీ కూర్చున్నంత కాలమేనని, దీన్ని చెదరగొట్టిన రోజున దేశమంతటా పన్ను ఆగిపోతుందని రాశారు.