ఎలిజబెత్ చేతిలో ఉన్నదెంత? ఆంగ్ల రచయిత్రుల నవలలపై అపోహలు - వాస్తవాలు

ప్రతి ఏటా జవాబు పత్రాలు దిద్దే రోజుల్లో నాకు ఒకే జవాబు పదే పదే ఎదురవుతుంది. ప్రశ్న జేన్ ఆస్టిన్ గురించైనా, షార్లెట్ బ్రాంటీ గురించైనా, "ఈ నవల ప్రేమ, పెళ్లి అనే ఇతివృత్తాలతో నడుస్తుంది, నాయిక అనేక కష్టాల తర్వాత తాను ప్రేమించిన వ్యక్తిని పెళ్లాడుతుంది" అని మొదలై దాదాపు అక్కడే ముగుస్తుంది. ఇరవై రెండేళ్లుగా డిగ్రీ, పీజీ తరగతుల్లో పంతొమ్మిదో శతాబ్దపు ఆంగ్ల నవల చెబుతున్నాను కాబట్టి, ఆ జవాబు రాసిన పిల్లల్లో చాలామంది రాత్రింబవళ్లు కష్టపడినవారేనని నాకు తెలుసు. బజారు గైడ్లలోనూ, సీనియర్ల నుంచి జూనియర్లకు చేతులు మారే నోట్సులోనూ, పది నిమిషాల వీడియోల్లోనూ వాళ్లకు దొరికేది అదే. మూలం తెరిచి చూడకుండా ఆ మాటను ఏళ్ల తరబడి ప్రచారం చేస్తున్నవారి మీదే నా కోపమంతా.

అపోహ: ఇవి ప్రేమకథలు. ఆస్తి, వడ్డీ, వీలునామా వివరాలు వదిలేసి చదివినా నష్టం లేదు.

వాస్తవం: ఆ వివరాలు వదిలేస్తే నాయిక ఎందుకు భయపడుతోందో, ఎందుకు తెగించిందో మనకు అర్థం కాదు. విద్యార్థులకు మార్కుల్లోనూ, అంతకంటే ఎక్కువగా చదివిన ఆనందంలోనూ అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇదే కాబట్టి దీని గురించే వివరంగా చెబుతాను.

1813లో వచ్చిన జేన్ ఆస్టిన్ నవల 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'ను తీసుకుందాం. బెనెట్ కుటుంబానికి లాంగ్‌బోర్న్ ఎస్టేట్ మీద ఏడాదికి 2,000 పౌండ్ల ఆదాయం ఉంది, అయిదుగురు ఆడపిల్లలున్నారు. తండ్రి కన్నుమూసిన రోజున ఆ ఎస్టేట్ దూరపు బంధువైన కాలిన్స్‌కు వెళ్లిపోతుంది. ఆ కాలిన్స్ పెళ్లి ప్రస్తావన తెచ్చినప్పుడు రెండో కూతురు ఎలిజబెత్‌కు రాబోయేది ఎంతో ఆమె ముఖం మీదే చెబుతాడు: నాలుగు శాతం వడ్డీ వచ్చే వెయ్యి పౌండ్లు, అదీ తల్లి పోయిన తర్వాత. లెక్క వేయండి, ఏడాదికి నలభై పౌండ్లు. చివరకు ఎలిజబెత్ పెళ్లాడే డార్సీ ఆదాయం ఏడాదికి 10,000 పౌండ్లని ప్రతి విద్యార్థీ రాస్తాడు గాని ఈ నలభై పౌండ్ల సంగతి రాసినవారిని నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. ఎలిజబెత్ కాలిన్స్‌ను కాదనడాన్ని "ఆత్మాభిమానం" అన్న ఒక్క మాటతో సరిపెట్టేస్తారు. ఆమె కాదన్నది ఒక మనిషిని మాత్రమే కాదు, తల్లికీ నలుగురు తోబుట్టువులకూ నిలువ నీడ మిగిల్చగల ఇంటిని కూడా కాదంది. ఆ ఆత్మాభిమానానికి ఆమె చెల్లించడానికి సిద్ధపడిన ధర తెలిస్తేనే దాని బరువు తెలుస్తుంది. అదే కాలిన్స్‌ను ఎలిజబెత్ స్నేహితురాలు, ఇరవై ఏడేళ్ల షార్లెట్ లూకస్ వెంటనే ఒప్పుకున్నప్పుడు, ఆమెను "ప్రేమ తెలియని స్వార్థపరురాలు" అని తీసిపారేసే జవాబులు చూస్తే నాకు బాధ కలుగుతుంది. తనకు కావలసింది ఒక సుఖమైన ఇల్లు మాత్రమేనని షార్లెట్ దాపరికం లేకుండా చెబుతుంది. ఆస్టిన్ ఆమెను ఎగతాళి చేసి వదిలేయలేదు, ఆమె ఇంటికి ఎలిజబెత్‌ను అతిథిగా పంపి, ఆ సంసారాన్ని దగ్గరగా చూపించింది.

తరగతిలో ఈ విషయాన్ని నేను ఆస్టిన్ రాసిన 1811 నాటి 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ' రెండో అధ్యాయంతో మొదలుపెడతాను. చనిపోతున్న తండ్రి, సవతి తల్లినీ ముగ్గురు చెల్లెళ్లనూ చూసుకోమని కొడుకు జాన్ డాష్‌వుడ్ దగ్గర మాట తీసుకుంటాడు. చెల్లెళ్లకు తలా వెయ్యి చొప్పున 3,000 పౌండ్లు ఇవ్వాలని జాన్ మనసులో అనుకుంటాడు కూడా. అప్పుడు భార్య ఫానీ మాట్లాడడం మొదలుపెడుతుంది. మూడు వేలు కాస్తా తలా అయిదు వందలు అవుతుంది. తర్వాత, వారికి కాకుండా తల్లికి బతికున్నన్నాళ్లూ ఏడాదికి వంద ఇస్తే చాలునేమో అంటాడు. అలా ఏటా ఇచ్చే ఏర్పాటు ఉంటే మనుషులు ఎంతకాలమైనా బతుకుతారని ఫానీ హెచ్చరిస్తుంది. సరే, అప్పుడప్పుడూ యాభై పౌండ్లు కానుకగా ఇస్తే సరిపోతుందంటాడు. చివరకు సామాను తరలించడంలో సాయం చేసి, సీజన్‌లో చేపలు, వేట మాంసం పంపితే తండ్రికిచ్చిన మాట నిలబెట్టుకున్నట్టేనని ఇద్దరూ తేల్చుకుంటారు. అంతటితో ఆగకుండా, ఆ అత్తగారు తీసుకుపోతున్న పింగాణీ పాత్రలు తమ ఇంట్లో వాటికంటే బాగున్నాయని ఫానీ నొచ్చుకుంటుంది. గొంతు పెంచిన వారెవరూ లేరు, చెడ్డమాట ఒక్కటీ లేదు, కానీ నలుగురు ఆడవాళ్ల బతుకు ఆ కొద్ది పేజీల్లోనే మారిపోయింది.

ఒక ఏడాది ఈ అధ్యాయాన్ని ఇద్దరు విద్యార్థుల చేత భార్యాభర్తల్లా చదివించి, అంకెలు తగ్గినప్పుడల్లా బోర్డు మీద పాత అంకె చెరిపి కొత్త అంకె వేశాను. మొదట నవ్వులు వినిపించాయి, యాభై దగ్గరకు వచ్చేసరికి తరగతి నిశ్శబ్దమైపోయింది. గంట కొట్టాక వెనుక బెంచీ అమ్మాయి ఒకతె నా దగ్గరకు వచ్చి, "నాన్న పోయాక మా పెదనాన్న కూడా అచ్చం ఇలాగే మాట్లాడారు మేడమ్, ఒక్కసారి కూడా లేదని చెప్పలేదు, ప్రతిసారీ కొంచెం తగ్గించారు" అంది. తెలుగు మీడియంలో చదివి వచ్చిన ఆ అమ్మాయి, అప్పటిదాకా ఈ నవలలు తనకు అందవని భయపడుతూ ఉండేది. ఆ సెమిస్టర్‌లో డాష్‌వుడ్ అక్కచెల్లెళ్ల గురించి ఆమె రాసినంత బాగా మరెవరూ రాయలేదు.

దీని వెన్నంటే వచ్చే మరో అపోహ, "ఆ కాలపు ఇంగ్లండ్‌లో స్త్రీకి ఆస్తి హక్కే లేదు" అన్నది. ఇది సగం నిజం కాబట్టే ఎక్కువ ప్రమాదకరం. పెళ్లికాని స్త్రీ, వితంతువు తమ పేర ఆస్తి కలిగి ఉండవచ్చు. ఆస్టిన్ 'ఎమ్మా' నవలలో 30,000 పౌండ్ల వారసురాలైన ఎమ్మా వుడ్‌హౌస్ తనకు పెళ్లి అవసరం లేదని ధీమాగా చెప్పగలిగింది అందుకే. పెళ్లికాని స్త్రీని లోకం చులకన చేసేది పేదరికం వల్లేనని ఆమెకు బాగా తెలుసు. హక్కు పోయేది పెళ్లితో. ఇంగ్లిష్ కామన్ లా ప్రకారం భార్య నగదు, వస్తువులు, సంపాదన భర్తవి అయ్యేవి, ఆమె భూమి మీద ఆదాయం, అజమాయిషీ కూడా భర్తవే. కలిగినవారు పెళ్లికి ముందే సెటిల్‌మెంట్, ట్రస్టు రాయించుకుని కూతురి సొమ్మును కాపాడుకునేవారు, లేనివారికి ఆ రక్షణ లేదు. 1870 నాటి చట్టంతో భార్య సంపాదన ఆమెదైంది, 1882 చట్టంతో ఆస్తి మొత్తం ఆమెదైంది. ఇక లాంగ్‌బోర్న్ ఎస్టేట్ కూతుళ్లకు రాకపోవడానికి కారణం దేశమంతటికీ వర్తించే నిషేధం కాదు, ఆ కుటుంబపు ఆస్తికి ఉన్న ఎన్‌టెయిల్, అంటే ఎస్టేట్ మగవారసులకే వెళ్లాలన్న ఏర్పాటు. తమ కుటుంబంలో అలాంటి ఏర్పాటు అవసరమనుకోలేదని డార్సీ బంధువైన లేడీ కేథరిన్ ఆ నవలలోనే స్పష్టంగా చెబుతుంది. "చట్టం ఒప్పుకోదు" అని రాసిన ప్రతి జవాబూ ఆ వాక్యాన్ని చదవని జవాబే.

ఈ తేడా తెలియకపోతే షార్లెట్ బ్రాంటీ రాసిన 1847 నాటి 'జేన్ ఎయిర్' కూడా చేజారుతుంది. జేన్‌కు లోవుడ్ బడిలో టీచరుగా ఏడాదికి పదిహేను పౌండ్లు, థార్న్‌ఫీల్డ్‌లో గవర్నెస్‌గా, అంటే ఇంట్లోనే ఉండి పిల్లకు చదువు చెప్పే టీచరుగా, ముప్ఫై పౌండ్లు జీతం. ఆ ఇంటి యజమాని రాచెస్టర్‌తో పెళ్లి నిశ్చయమయ్యాక అతడు ఆమెను మిల్‌కోట్ పట్టణంలో పట్టుబట్టల కొట్టుకు తీసుకెళ్లి, ఊదారంగు పట్టు, గులాబీ రంగు శాటిన్ ఎంచుతాడు. ఆమె బతిమాలి నల్ల శాటిన్‌కూ ముత్యపు బూడిదరంగు పట్టుకూ ఒప్పిస్తుంది. అతడు కొనిపెట్టేకొద్దీ ఆమె ముఖం అవమానంతో ఎర్రబడుతుంది. అప్పుడే, తనకంటూ కొద్దిపాటి సొమ్ముంటే ఇలా ఉండదనుకుని, మదీరా ద్వీపంలోని పినతండ్రి జాన్ ఎయిర్‌కు ఉత్తరం రాయాలని నిశ్చయించుకుంటుంది. ఆ ఉత్తరం చేరినప్పుడు అక్కడే ఉన్న మేసన్‌కు ఈ పెళ్లి సంగతి తెలుస్తుంది, రాచెస్టర్ భార్య అయిన తన సోదరి బెర్తా బతికే ఉందని అతడు వచ్చి పెళ్లి ఆపిస్తాడు. అంటే ఈ కథ మలుపు తిరిగింది, ఒక పేద గవర్నెస్ తన కాళ్ల మీద తాను నిలబడాలనుకుని రాసిన ఉత్తరం వల్ల. గైడ్లలో ఈ ఉత్తరం కనిపించదు, మేసన్ ఎక్కడి నుంచో ఊడిపడినట్టు కనిపిస్తాడు.

అక్కడి నుంచి చివరిదాకా అంకెలు వెంటాడుతూనే ఉంటాయి. తండ్రి ఎస్టేట్ అంతా పెద్దకొడుక్కే దక్కేలా, చిన్నకొడుకు రాచెస్టర్‌ను జమైకాకు పంపి, 30,000 పౌండ్లతో వచ్చే బెర్తాతో పెళ్లి జరిపించారు. మన పిల్లలకు కట్నం అంటే చెప్పనక్కరలేదు కాబట్టి, మేడ మీది గదిలో బంధించిన ఆ మనిషి సొమ్ము ఎవరి చేతికి పోయిందని అడిగితే చాలు, 1966లో రచయిత్రి జీన్ రీస్ 'వైడ్ సర్గాసో సీ' నవలలో ఆమె వైపు నుంచి కథను ఎందుకు తిరగరాయవలసి వచ్చిందో తరగతికి తెలిసిపోతుంది. జేన్‌కు పినతండ్రి నుంచి 20,000 పౌండ్లు వచ్చినప్పుడు, ఆమె తనకు ఆశ్రయమిచ్చిన ముగ్గురు మేనత్త బిడ్డలతో సమానంగా పంచుకుని 5,000 మాత్రం ఉంచుకుంటుంది. ఆ ముగ్గురిలో ఒకడు, క్రైస్తవ ప్రచారకుడిగా మన దేశానికి రాబోతున్న సెయింట్ జాన్ ఆమెకు హిందుస్తానీ నేర్పించి, భార్యగా వెంట రమ్మంటే, చెల్లెలిగా అయితే వస్తాను, భార్యగా రానంటుంది. ఆ తర్వాతే రాచెస్టర్ దగ్గరకు తిరిగి వెళ్లి, నేనిప్పుడు స్వతంత్రురాలిని, నీతో ఉండనివ్వకపోతే నీ గుమ్మం పక్కనే ఇల్లు కట్టుకోగలను అంటుంది. "పాఠకుడా, నేనతణ్ని పెళ్లాడాను" అని అందరూ కంఠస్థం చేసిన ఆ ప్రసిద్ధమైన పెళ్లి వాక్యం దీని తర్వాతి మాట. డిగ్రీ చదివే రోజుల్లో గ్రంథాలయం పుస్తకంలో నేను కూడా ఆ వారసత్వపు అధ్యాయాన్ని కథకు అడ్డమనుకుని దాటేశాను. మా గురువుగారు తరగతిలో దాన్నే బిగ్గరగా చదివించేదాకా జేన్ నాకు సగమే తెలుసు.

ఎలిజబెత్ గాస్కెల్ 'నార్త్ అండ్ సౌత్' ముగింపు చూస్తే ఈ అపోహకు ఇక చోటే ఉండదు. 1854-55లో ధారావాహికగా వచ్చిన ఆ నవలలో, మిల్లు నష్టపోయి కూలబడిన థార్న్‌టన్‌కు మార్గరెట్ హేల్ తన ప్రేమను చెప్పే తీరు ఇది: బ్యాంకులో రెండున్నర శాతం వడ్డీకి ఊరికే పడి ఉన్న 18,057 పౌండ్లు మీరు తీసుకుంటే నాకు అంతకంటే మంచి వడ్డీ వస్తుంది. అతడు ఆమె పేరు పిలవడంతో ఆ లెక్క ఆగిపోతుంది. నేను ఆ పేజీ ఎన్నిసార్లు చదివినా గొంతు పూడుకుపోతుంది, ఎందుకంటే ఆ యాభై ఏడు పౌండ్లలో ఆమె బిడియమంతా ఉంది.

మిగిలిన అపోహలను త్వరగా చెప్పేస్తాను. జేన్ ఆస్టిన్ విక్టోరియన్ రచయిత్రి కాదు, ఆమె 1817లో కన్నుమూసింది, విక్టోరియా గద్దెనెక్కింది 1837లో. పోటీ పరీక్షలకు వెళ్లేవారు ఈ ఒక్క తప్పుతో మార్కు పోగొట్టుకోవద్దు. రచయిత్రులందరూ మగపేర్లతో దాక్కున్నారన్నదీ నిజం కాదు. బ్రాంటీ అక్కచెల్లెళ్లు కరర్, ఎలిస్, యాక్టన్ బెల్ అనీ, మేరీ యాన్ ఎవాన్స్ జార్జ్ ఎలియట్ అనీ రాశారు గాని, ఆస్టిన్ మొదటి పుస్తకం మీద ఉన్నది "ఒక స్త్రీ రాసినది" అని, మరియా ఎడ్జ్‌వర్త్ చాలా నవలలు సొంత పేరుతోనే ప్రచురించింది. జేన్ ఎయిర్ కథ షార్లెట్ ఆత్మకథ కాదు. ముఖపత్రం మీద "ఆత్మకథ" అని ఉండడం వల్ల, కొవన్ బ్రిడ్జ్ బడిలో జబ్బుపడి ఇద్దరు అక్కలు 1825లో చనిపోయిన దుఃఖం లోవుడ్‌లో కనిపించడం వల్ల ఈ పొరపాటు వస్తోంది. అన్నీ పెళ్లితో సుఖాంతమవుతాయన్నవారు, జార్జ్ ఎలియట్ రాసిన 1860 నాటి 'ది మిల్ ఆన్ ది ఫ్లాస్'లో వరదలో అన్నతో పాటు మునిగిపోయిన మాగీ టలివర్‌ను మరచిపోయినట్టే. ఎలియట్‌దే అయిన 'మిడిల్‌మార్చ్'లో డొరోథియా ప్రేమించిన లాడిస్లాను పెళ్లాడాలంటే, ఆ పెళ్లి చేసుకుంటే ఆస్తి దక్కకూడదని చనిపోయిన భర్త వీలునామాకు చేర్చిన షరతును దాటుకుని వెళ్లాలి, ఆమె ఆ ఆస్తిని వదులుకుంటుంది.

యాన్ బ్రాంటీ గురించి మాత్రం త్వరపడలేను. "అక్కల నీడలో మిగిలిన మెతక రచయిత్రి" అని ఆమెను గురించి రాసేవారు 1848 నాటి 'ది టెనెంట్ ఆఫ్ విల్డ్‌ఫెల్ హాల్' తెరవలేదని నా నమ్మకం. తాగుబోతు భర్త నుంచి కొడుకును కాపాడుకోవడానికి హెలెన్ బొమ్మలు గీసి అమ్ముకుని బతకాలనుకుంటుంది. అది తెలిసిన భర్త ఆమె తాళాలు లాక్కుని, డబ్బూ నగలూ స్వాధీనం చేసుకుని, కుంచెలూ రంగులూ నిప్పుల్లో వేస్తాడు. అప్పటి చట్టం దృష్టిలో అతడు దొంగ కాడు. ఆమె కొడుకుతో రహస్యంగా వెళ్లిపోయి, తల్లి పుట్టింటి పేరు పెట్టుకుని బతుకుతుంది. ఇందులోని నాయిక మెతక అని ఎవరైనా ఎలా అనగలరో నాకు తెలియదు.

"ఇంగ్లిష్ కష్టంగా ఉంది మేడమ్, నవల మొత్తం చదవలేను, భయమేస్తోంది" అని వచ్చే పిల్లలకు నేను నాలుగు చోట్లు చెబుతాను: 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ' రెండో అధ్యాయం, 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' పంతొమ్మిదో అధ్యాయం, 'జేన్ ఎయిర్' ముప్ఫై మూడో అధ్యాయం, 'నార్త్ అండ్ సౌత్' చివరి అధ్యాయం. నిఘంటువు పక్కన పెట్టుకుని రోజుకొకటి చదవండి. అంకె కనిపించిన చోటల్లా పెన్సిల్‌తో గీత గీసి, ఆ సొమ్ము ఎవరిదో, ఎవరి చేతికి పోతోందో అంచులో రెండు మాటలు తెలుగులోనే రాసుకోండి. అర్థం కాని చోటు ఉంటే ఆ పేజీతో నా దగ్గరకు రండి, కలిసి చదువుదాం.