'నయం చేయొచ్చు' అన్న మాట దిక్కులేని కుక్క దాకా ఎలా వచ్చింది?

బండి గుద్ది నడుము పడిపోయిన కుక్కను ఎవరో షెల్టర్‌కు తెచ్చి దింపుతారు. వెనక కాళ్లు ఈడుస్తూ ముందు కాళ్ల మీదే పాకుతుంటుంది. మనిషి కనబడితే చాలు, కళ్లు మెరుస్తాయి. డాక్టర్ దాని వెనక కాలి వేళ్లను పరికరంతో గట్టిగా నొక్కి చూస్తారు. అది తల తిప్పిందంటే, మూలిగిందంటే లోతైన నొప్పి ఇంకా తెలుస్తోందని అర్థం. మళ్లీ నడిచే ఆశ బాగానే ఉంటుంది. అలాంటి స్పందనేదీ లేకపోతే ఆ ఆశ చాలా తగ్గిపోతుంది. అయినా నడవలేని కుక్క బతకలేని కుక్క కాదు. చక్రాల బండి కడితే పరుగెత్తే కుక్కలు ఎన్నో ఉన్నాయి. కాకపోతే వాటిలో చాలా వాటికి రోజుకు మూడు నాలుగు సార్లు పొట్ట కింద చేతులు పెట్టి, మూత్రాశయాన్ని నొక్కి ఖాళీ చేయించాలి. పండగైనా, జ్వరమొచ్చినా, అది బతికినన్నాళ్లూ చేయాలి.

పెంచిన ఇల్లు ఉన్న కుక్కకైతే ఆ పని ఎవరు చేస్తారో తెలుసు. దారిలో దొరికిన కుక్కకు అలాంటి మనిషిని వెతికిపెట్టడం కూడా వైద్యంలో భాగమేనని ఒప్పుకున్నది నిన్నమొన్న. ఇంత ఆలస్యం ఎందుకైందో తెలియాలంటే కుక్క వైద్యం చరిత్రనే తిరగేయాలి.

అసలు పశువైద్యం పుట్టింది కుక్కల కోసం కాదు. ఆ మాటలోనే పశువు ఉంది. వెటర్నరీ అన్న మాటకు మూలమైన లాటిన్ పదం కూడా బరువులు మోసే జంతువులదే. 1761లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో క్లాడ్ బూర్జెలా తొలి పశువైద్య పాఠశాలకు పునాది వేసినప్పుడు ఆయన కళ్ల ముందున్నవి గుర్రాలు, రిండర్‌పెస్ట్ మహమ్మారికి మందలు మందలుగా కూలిపోతున్న పశువులు. 1791లో లండన్‌లో మొదలైన కాలేజీ ధ్యాసంతా గుర్రాల మీదే. జంతువు విలువ అది చేసే పనిలో ఉన్నంతకాలం వైద్యం కూడా ఆ పని చుట్టూనే తిరిగింది. ఎవరికీ చెందని కుక్క ఆ లెక్కలో ఎక్కడా లేదు.

పైగా నగరాల్లో కుక్క అంటేనే రేబిస్ భయం. పాశ్చర్ టీకా 1885లో గానీ రాలేదు. అప్పటిదాకా పిచ్చికుక్క కరిస్తే ఎవరి చేతిలోనూ మందు లేదు. ఆ భయంలో వీధి కుక్కలను కొట్టి చంపారు, నీళ్లలో ముంచారు. 1870ల్లో న్యూయార్క్‌లో పట్టుకొచ్చిన కుక్కలను ఇనుప బోనులో పెట్టి ఈస్ట్ నదిలోకి దించేవారు. ఆ నేపథ్యంలో చూస్తే 1860లో లండన్‌లోని హాలోవేలో మేరీ టీల్‌బీ తప్పిపోయిన, ఆకలితో మాడుతున్న కుక్కల కోసం ఆశ్రయం తెరవడం ఎంత సాహసమో తెలుస్తుంది. 1871లో బాటర్సీకి మారిన ఆ సంస్థ ఇప్పటికీ ఉంది. అయితే తొలినాళ్లలో అలాంటి చోట్ల దొరికింది తిండి, నీడ, కొన్ని రోజుల గడువు. ఆ లోపు ఎవరూ రాకపోతే చావే. 1884లో బాటర్సీలో బెంజమిన్ వార్డ్ రిచర్డ్‌సన్ రూపొందించిన గ్యాస్ గది వచ్చినప్పుడు దాన్ని దయగల సంస్కరణగానే స్వాగతించారు. వాళ్లను తప్పుపట్టాలని నాకు అనిపించదు. దుడ్డుకర్రతో, నదిలో చంపే కాలంలో నొప్పి లేని చావే వాళ్లు ఇవ్వగలిగిన దయ. కానీ జబ్బుపడిన అనాథ కుక్కకు కరుణ అంటే చావే అన్న ఆలోచన అప్పుడే గట్టిగా పాతుకుపోయింది. దాన్ని కదిలించడానికి వందేళ్లకు పైగా పట్టింది.

ఉచిత వైద్యం మాత్రం త్వరగానే వచ్చింది. 1917లో లండన్ తూర్పు పేట వైట్‌చాపెల్‌లో మరియా డికిన్ ఒక నేలమాళిగలో పేదవాళ్ల జంతువులకు ఉచిత వైద్యశాల తెరిచారు. జబ్బు చేసిన జంతువులను తెచ్చుకోండి, ఏ జంతువునైనా డబ్బు తీసుకోకుండా చూస్తాం అని బయట రాసి పెట్టారు. పీడీఎస్ఏ అనే జంతు వైద్య సేవా సంస్థగా ఎదిగింది ఆ నేలమాళిగే. గొప్ప పని. అయినా ఆ తలుపు తట్టడానికి కూడా కుక్కను చంకనేసుకుని వచ్చే మనిషి ఒకరుండాలి.

ఇక్కడ ఒక బాకీ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. 1921 ఎండాకాలంలో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్ కోసం ప్రయోగాలు చేసింది కుక్కల మీదే. క్లోమం తీసేసి, షుగర్ వ్యాధి తెప్పించి, క్లోమం నుంచి తీసిన సారంతో వాటిని నిలబెట్టడానికి ప్రయత్నించారు. 1922 జనవరిలో తొలిసారి ఒక కుర్రవాడికి ఆ మందు ఎక్కింది. ఎందరి ప్రాణాలో అది నిలిపింది. ఈ రోజు షుగర్ ఉన్న కుక్కకు ఇచ్చే ఇన్సులిన్ కూడా ఆ కుక్కల చలవే. పంది ఇన్సులిన్, కుక్క ఇన్సులిన్ నిర్మాణంలో అచ్చంగా ఒకటే కాబట్టి అది కుక్కలకు చక్కగా సరిపోతుంది. కానీ రోజుకు రెండు పూటలా సూది వేసే మనిషి లేక, షుగర్ బయటపడిన షెల్టర్ కుక్కలను దశాబ్దాల పాటు చంపుతూనే వచ్చారు. మనుషులకు మందు సంపాదించిపెట్టిన జాతికి మనం చేసిన న్యాయం ఇది.

మోటారు బండ్లు వచ్చి గుర్రాలు రోడ్ల మీంచి తప్పుకున్నాక పశువైద్యం ఇంటి జంతువుల వైపు తిరిగింది. మెరుగైన మత్తుమందులు, ఎక్స్‌రే, ఎముకల సర్జరీ, ఫిట్స్‌కు ఫీనోబార్బిటాల్ వచ్చాయి. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో ఒక్కో అవయవానికీ నిపుణులు తయారయ్యారు. ఇంటి కుక్కకు కాలు తీసేయాల్సి వస్తే మూడు కాళ్ల మీద హాయిగా తిరుగుతుందని డాక్టర్లు భరోసా ఇస్తున్న రోజుల్లోనే, అదే కాలు విరిగిన అనాథ కుక్కను ఆశ లేనిదిగా రాసేసేవారు. విరిగిన ఎముకలో తేడా లేదు. పక్కన మనిషి ఉన్నాడా లేడా అన్నదే తేడా.

1978లో పార్వో వైరస్ బయటపడి ఒకటి రెండేళ్లలో ప్రపంచమంతా పాకింది. కూనలు రక్త విరేచనాలతో రాలిపోయాయి. ఒక్కో కుక్కను విడిగా చూసే క్లినిక్ వైద్యం వందల కుక్కలు ఒకేచోట ఉండే షెల్టర్లకు సరిపోదని ఇలాంటి విపత్తులు నేర్పాయి. గాలి, నేల, గుంపులో రద్దీ, వచ్చిన నిమిషంలోనే టీకా, ఇవన్నీ కలిపి చూసే చదువు కావాల్సి వచ్చింది. 1999లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో షెల్టర్ మెడిసిన్ పాఠం మొదలైంది. 2001లో షెల్టర్ వెటర్నరీ డాక్టర్ల సంఘం ఏర్పడింది. 2010లో ఆ సంఘం సంరక్షణ ప్రమాణాలను వెలువరించింది. 2014లో అమెరికాలో షెల్టర్ మెడిసిన్ ప్రత్యేక నైపుణ్య శాఖగా గుర్తింపు పొందింది.

అసలు మలుపు మాత్రం కాగితం మీద, ఒక నిర్వచనంలో వచ్చింది. 1994లో శాన్‌ఫ్రాన్సిస్కోలో అక్కడి జంతు సంక్షేమ సంస్థ, నగర ప్రభుత్వ విభాగం ఒక ఒప్పందం చేసుకున్నాయి: ఆరోగ్యంగా ఉన్న, దత్తత ఇవ్వదగ్గ ఏ కుక్కనూ, పిల్లినీ చంపకూడదు. దాంతో తర్వాతి ప్రశ్న దానంతటదే ముందుకొచ్చింది. మరి జబ్బు ఉన్నవాటి సంగతి? 2004 ఆగస్టులో కాలిఫోర్నియాలోని అసిలోమార్‌లో జంతు సంస్థల ప్రతినిధులు కూర్చుని కొన్ని తరగతులు రాసుకున్నారు. ఆరోగ్యంగా ఉన్నవి, చికిత్సతో కోలుకునేవి, పూర్తిగా నయం కాకపోయినా సంరక్షణతో నెట్టుకురాగలిగేవి, చికిత్సకు లొంగనివి. మూడో తరగతిని చూడండి. షుగర్, ఫిట్స్, గుడ్డితనం, చెవుడు, పడిపోయిన నడుము, అంతవరకు 'లాభం లేదు' అన్న ఒక్క మాట కింద పోయినవన్నీ నిలబడే చోటు అదే అయింది.

ఆ నిర్వచనంలో ఇంకో సంగతి ఉంది, నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది. చికిత్స సాధ్యమా కాదా అన్నది తేల్చడానికి వాళ్లు పెట్టుకున్న కొలబద్ద వైద్యశాస్త్రం కాదు. ఆ సమాజంలో బాధ్యత, ప్రేమ ఉన్న యజమాని మామూలుగా చేయించే వైద్యం ఎంతో, అంతే. అంటే ఒక ఊళ్లో 'నయం చేయొచ్చు' అన్న జబ్బే పక్క ఊళ్లో 'కాదు' అవుతుంది. దీన్ని లోపమన్నవాళ్లున్నారు. నిజమే, పేద సమాజంలోని కుక్కకు అది అన్యాయం. కానీ ఎన్నాళ్లుగానో దాచిపెట్టిన విషయాన్ని అది నిజాయితీగా ఒప్పుకుంది. కుక్క బతకడం రోగం పేరు మీదకంటే చుట్టూ ఉన్నవాళ్ల స్తోమత మీద ఆధారపడుతోంది.

వీధి కుక్కల్లో తరచూ కనిపించే ఒక కేన్సర్‌నే తీసుకుందాం. జననాంగాల దగ్గర కాలీఫ్లవర్‌లా పెరిగి రక్తం కారే గడ్డ అది. కేన్సర్ కణాలే ఒక కుక్క నుంచి మరో కుక్కకు అంటుకుంటాయి. ఒక కుక్క గడ్డను ఇంకో కుక్కకు నాటవచ్చని 1876లోనే రష్యాలో నోవిన్‌స్కీ చూపించారు. చూడ్డానికి భయంకరంగా ఉంటుంది, ఎంతోమంది అక్కడే ఆశ వదిలేస్తారు. కానీ వారానికో ఇంజెక్షన్ చొప్పున కొన్ని వారాలు విన్‌క్రిస్టిన్ ఇస్తే చాలా కుక్కలు పూర్తిగా కోలుకుంటాయి. ఆ మందు మన ఇళ్ల ముందు పూసే బిళ్ళగన్నేరు నుంచి వచ్చిందే. ఇక్కడ కొరత మందుకు కాదు, వారం వారం ఆ కుక్కను మళ్లీ పట్టి తెచ్చేవాళ్లకు.

హార్ట్‌వార్మ్ కూడా అంతే. దోమకాటుతో వచ్చి గుండెలో, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పెరిగే పురుగులను చంపడానికి మెలార్సోమిన్ ఉంది. అది ఆర్సెనిక్ మందు. చచ్చిన పురుగుల ముక్కలు రక్తనాళాలకు అడ్డుపడకుండా కుక్కను నెలల తరబడి పరుగు లేకుండా, గంతులు లేకుండా కూర్చోబెట్టాలి. కిక్కిరిసిన షెల్టర్‌లో పక్క బోను కుక్క మొరిగితే చాలు, ఇది లేచి గెంతుతుంది. అందుకే కుక్కను కొంతకాలం పెట్టుకుని చూసుకునే ఫోస్టర్ ఇల్లు ఈ వైద్యంలో మందుతో సమానం. అన్నవాహిక సాగిపోయి, తిన్నది కడుపులోకి దిగని కుక్కలకూ ఇదే పరిస్థితి. నిటారుగా కూర్చోబెట్టే కుర్చీలో తినిపించి, ఆ తర్వాత కూడా కాసేపు అలాగే పట్టుకోవాలి. లేకపోతే తిండి ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది.

ఇప్పుడు చిక్కు ఇక్కడే ఉంది. రక్తం కారుతున్న ఫొటో పెడితే సర్జరీకి విరాళాలు వస్తాయి. ఆ తర్వాత మూడో ఏడాది ఫిట్స్ మాత్రలకు, పదే పదే వచ్చే మూత్ర ఇన్ఫెక్షన్ పరీక్షలకు అడిగితే చేతులు కదలవు. దత్తత తీసుకునేవాళ్లకు బీమా అక్కరకు రావడం కష్టం, ముందే ఉన్న జబ్బుకు కంపెనీలు సాధారణంగా డబ్బివ్వవు. అందుకే కొన్ని సంస్థలు కుక్కను ఇచ్చేసినా ఆ ఒక్క జబ్బుకు వైద్యం ఖర్చు జీవితాంతం తామే భరిస్తామని రాసిస్తున్నాయి. ఇంకొన్ని, నెలలే మిగిలిన ముసలి కుక్కలను చివరిదాకా ఒక ఇంట్లో ఉంచి, మందులు తామే పంపుతున్నాయి. ఏ కుక్కనూ చంపబోమన్న పట్టుదల కోసం నొప్పితో నలిగిపోతున్న ప్రాణిని లాగడం కూడా క్రూరత్వమేనని ఈ పనిలో ఉన్నవాళ్లు ఇప్పుడు బాహాటంగా చెప్పుకుంటున్నారు. తింటోందా, నొప్పి అదుపులో ఉందా, మనిషి వస్తే తోక ఊపుతోందా, చెడ్డ రోజులకంటే మంచి రోజులు ఎక్కువున్నాయా అని రోజూ రాసుకుంటున్నారు.

నడుము పడిపోయిన ఆ కుక్కను తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లకు అనుభవమున్న షెల్టర్లు ముందుగా ఫారం చేతికివ్వవు. కుక్కను పక్కకు ఒత్తిగిలబెట్టి, మూత్రాశయం చేతికి ఎక్కడ తగులుతుందో, ఎంత నెమ్మదిగా నొక్కాలో నేర్పిస్తాయి. మర్నాడు మళ్లీ రమ్మంటాయి. రెండో రోజు కూడా వచ్చినవాళ్లకే ఫారం ఇస్తాయి.